పదమూడో ఏట వచ్చిన కడుపునొప్పి

భుజం నొప్పి గురించి నాకెవరూ చెప్పలేదు. మిగతావన్నీ చెప్పారు. ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు. గోళ్లరంగు తీసెయ్యమన్నారు. తలలో పిన్నులు వద్దన్నారు. బొడ్డు లోపల దూదితో తుడుచుకొని రమ్మన్నారు. కోసేది కడుపు మీదైతే కుడి భుజం ఊడి కిందపడేటట్టు ఎందుకు నొస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అందుకే ముందు అదే రాస్తున్నాను. పిల్లలు ఎందుకు కావడం లేదో చూడడానికి కెమెరా ఆపరేషన్‌కు మీరు పోతుంటే, మెలకువ వచ్చాక భుజం నొస్తుంది. అది గుండెపోటు కాదు. కడుపు ఉబ్బించడానికి పంపిన గ్యాస్ కొంచెం లోపలే మిగిలి అట్లా చేస్తుంది. మెల్లగా లేచి నాలుగడుగులు తిరగండి. రెండు మూడు రోజుల్లో పోతుంది.

నేను ఎల్లారెడ్డిలో బట్టలు కుడతాను. ఎక్కువగా జాకెట్లే. మా ఆయన శ్రీశైలం బోరు మోటార్ల వైండింగ్ షాపు నడుపుతాడు. పెళ్లయి ఏడేళ్లయింది. మొదటి రెండేళ్లు ఎవరూ ఏమీ అడగలేదు, తర్వాత అడగనివాళ్లు లేరు. నా పని వల్ల ఇంకో తిప్పలుంది. నెలలు నిండుతున్న ఆడవాళ్లు జాకెట్ పక్క కుట్లు విప్పి వదులు చెయ్యమని నా దగ్గరికే తెస్తారు. మా వీధిలో ఎవరికి ఎన్నో నెలో వాళ్ల అత్తగారికంటే ముందు నాకే తెలుస్తుంది. కుట్లు విప్పుతూ నవ్వుతూ మాట్లాడేదాన్ని. వాళ్లు పోయాక మిషన్ ముందు కాసేపు ఊరికే కూర్చునేదాన్ని.

కామారెడ్డిలో ఒక డాక్టరమ్మ మంచిదని ఎవరో చెబితే పోయాం. ముందు మా ఆయన పరీక్ష అయ్యేదాకా నేను ఏ పరీక్షకూ ఒప్పుకోలేదు. పదిహేను రోజులు తప్పించుకు తిరిగాడు. షాపులో మోటార్లు కాలి వచ్చాయన్నాడు, దగ్గు అన్నాడు. ఆ రిపోర్టు బాగుందని వచ్చింది. అయినా నేను చేసింది తప్పని అనుకోను. చిన్న డబ్బాతో అయిపోయే పరీక్ష చెయ్యకముందే మీ కడుపు మీద చెయ్యి వెయ్యనివ్వకండి. నాకు రంగు మందు పంపి తీసే ఎక్స్‌రేలో ఆ మందు రెండు పక్కలా ఆగిపోయింది. గర్భసంచికి అటూ ఇటూ ఉండే గొట్టాలు ఎందుకు మూసుకుపోయాయో కెమెరా పెట్టి చూస్తే గాని తెలియదన్నారు.

కెమెరా ఆపరేషన్ అనగానే మా అత్తమ్మ కూలబడింది. మా దిక్కు కెమెరా ఆపరేషన్ అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. ఇద్దరు పిల్లలు చాలనుకున్న ఆడవాళ్లను జీపులో ఎక్కించుకుపోయి చేసేది. ఆమె కూడా అట్లాగే చేయించుకుంది. "పిల్లలు గావాలని పోతే, పిల్లలు గాకుంట జేసే ఆపరేషన్ జేస్తరా?" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఆ బొమ్మ బోరు మోటారు లాగా ఉంది. ఆమెకు ధైర్యం రాలేదు గాని నవ్వు వచ్చింది.

మా అవ్వ, అంటే మా అమ్మ గురించి ఇక్కడే చెప్పాలి. అవ్వది నాగిరెడ్డిపేట దగ్గర పల్లె. పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద ఎకరంన్నర పొలం. మా బాపు పోయి నాలుగేళ్లయింది. అవ్వకు ఆ చుట్టుపక్కల ఒక పేరుంది. బరువు ఎత్తినా, ఎగిరి దూకినా బొడ్డు జరుగుతుందని, దానివల్లే కడుపు నొస్తుందని మా దగ్గర నమ్మకం. అవ్వ ఆ బొడ్డును సరిచేస్తుంది. మనిషిని వెల్లకిలా పండుకోబెట్టి, ఆముదం రాసి, బొటనవేళ్లతో పొట్టను పక్కల నుంచి నడుమకు తోముతుంది. ఆఖరుకు బొడ్డు మీద చిన్న దీపం పెట్టి చెంబు బోర్లిస్తుంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. చాలామందికి తగ్గుతుంది కూడా, ఎందుకంటే చాలా కడుపునొప్పులు వాటంతట అవే తగ్గుతాయి.

ఆపరేషన్ ఖాయమైన రోజు అవ్వ కూడా మాతో కామారెడ్డికి వచ్చింది. చిన్నప్పుడు కడుపుకు సంబంధించి పెద్ద జబ్బేమన్నా చేసిందా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. నా మాటకు అవ్వ అడ్డం వచ్చింది.

"ఎందుకు జెయ్యలే మేడం? పదమూడేండ్లప్పుడు బొడ్డు జరిగింది. మూడు దినాలు నేనే తోమిన. జరం దిగకపాయె. అందరు ఆశ ఇడిసిపెట్టిండ్రు. సావు నోట్ల నుంచి గుంజుకొచ్చిన బిడ్డను."

ఈ కథ నేను కొన్ని వందలసార్లు విన్నాను. మా ఇంట్లో పెళ్లిళ్లలో, పండుగల్లో అవ్వ చెప్పే కథ ఇదే. డాక్టరమ్మ నొప్పి ఏ పక్క అని అడిగింది. అవ్వ నా పొట్ట కుడివైపు కింద చెయ్యి పెట్టి చూపించింది. జ్వరం ఎన్నాళ్లంటే ఇరవై రోజుల పైనే అంది. డాక్టరమ్మ అంతా రాసుకుంది, సరే అమ్మా అంది. బయటికి వచ్చాక అవ్వ ఎంతో సంబరపడింది. పెద్ద డాక్టరమ్మ తన మాట మొత్తం విన్నదని, చెప్పింది కాగితం మీద పెట్టుకున్నదని మా ఆయనకు రెండుసార్లు చెప్పింది.

ఆపరేషన్ రోజు

అది నాట్ల కాలం. అవ్వ తన మడి నాట్లు పక్కింటివాళ్లకు అప్పజెప్పి ముందు రోజే వచ్చేసింది. పొద్దున ఆరింటికల్లా ఆస్పత్రిలో ఉన్నాం. గాజులు, కమ్మలు, మెట్టెలు, పుస్తెలు అన్నీ తీసి ఇంటివాళ్లకు ఇవ్వమంది నర్సు. పుస్తెలు తీయడం అత్తమ్మకు ఇష్టం లేదు. పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి ఇంటి దగ్గర నుంచే తెచ్చింది. అది మెడలో వేశాకే పుస్తెలు తీయనిచ్చింది. నాకూ భయంగానే ఉంది.

వరండాలో ఒక వరుస కుర్చీలు. పిల్లలు కావాలని వచ్చినవాళ్లు, పురిటికి వచ్చినవాళ్లు అందరూ అక్కడే కూర్చుంటారు. ఇది ఎవరి ఆలోచనో గాని నాకు కోపం వచ్చింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి పొట్ట మీద చేతులు పెట్టుకొని నిద్రపోతూ నా భుజం మీద తల వాల్చింది. నన్ను లోపలికి పిలిచేదాకా కదలకుండా కూర్చున్నాను.

లోపల చలి. తలకు టోపీ, ఒంటికి వెనకాల ముడివేసే గౌను. ఆ గౌను కుట్టినవాడికి చంక భాగం కత్తిరించడం రాదు. మత్తు ఇచ్చే ఆయన ఏం పని చేస్తావని అడిగాడు. కుడతానన్నాను. అయితే నాకు ఈ గౌను కొంచెం సరిచేసి పెట్టమ్మా అని తన భుజం దగ్గర కుట్టు ఊడిన చోటు చూపించాడు. నేను నవ్వాను. నవ్వుతుండగానే తెలివి పోయింది. ఆ మనిషికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

లేచేసరికి భుజం. గొంతు మంట. మూత్రం గొట్టం. పొట్ట మీద మూడు చిన్న పట్టీలు, ఒకటి బొడ్డులో, రెండు కింద. ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది, తర్వాత అది నేనేనని తెలిసింది. పక్క మంచం దగ్గర నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది, కూతురికి కాన్పు అయితే తోడు వచ్చింది. అల్లుడు దుబాయిలో ఉన్నాడట. నేను భుజం పట్టుకొని మూలుగుతుంటే తువ్వాలను వేడినీళ్లలో పిండి భుజం మీద వేసింది. "గ్యాస్ బేటా, భయపడకు. మా చెల్లెకు గిట్లనే అయింది. పొద్దుగాల తిరుగు, పోతది" అంది. ఆమె మనవరాలు ఏడ్చినప్పుడల్లా, మనసు కష్టపెట్టుకుంటానేమోనని మంచం మధ్య తెర లాగేది. నేనేమీ చెప్పకుండానే ఆమెకు తెలిసింది.

నర్సు గంటకోసారి వచ్చి గాలి పోయిందా అని అడిగేది. పోతే గాని తాగడానికి ఏమీ ఇవ్వరు. అత్తమ్మ, అవ్వ ఇద్దరి ముందు నన్ను ఆ మాట అడిగినందుకు మా ఆయన సిగ్గుపడి బయటికి పోయాడు. చివరికి పోయినప్పుడు వార్డు అంతా సంతోషపడింది.

మరుసటి పొద్దున

డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కొని కూర్చుంది. నిలబడి మాట్లాడే మనిషి కూర్చుంటే ఏదో ఉందని నాకు తెలిసిపోయింది. మా ఆయన మంచం పక్కన ఉన్నాడు. అత్తమ్మ ముందు రోజు సాయంత్రమే ఎల్లారెడ్డి వెళ్లిపోయింది. అవ్వ ఫ్లాస్కు కడిగి పాలు తేవడానికి కిందికి దిగింది.

లోపల అంతా అతుక్కుపోయి ఉందని చెప్పింది. పేగులు, గర్భసంచి, గొట్టాలు, అన్నీ ఒకదానికొకటి. విడదీయగలిగినంత విడదీశారట. గొట్టాలు రెండూ చివర్లు మూసుకుపోయి, వాచి, ఇక పనికిరాకుండా ఉన్నాయట. మామూలుగా కడుపు పండే దారి లేదు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఒక్కటే మిగిలింది, దానికి హైదరాబాద్ పోవాలి, అదీ తప్పకుండా అవుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

"మీ అమ్మగారు చెప్పిన జ్వరం ఇదే" అంది డాక్టరమ్మ. "బొడ్డు జరగడం కాదమ్మా. అప్పుడు నీకు అపెండిక్స్ పగిలింది. చీము లోపలే నిలిచిపోయింది. నువ్వు బతకడమే గొప్ప."

తోమడం వల్లే పగిలిందా అని మా ఆయన అడిగాడు. అట్లా అని తాను చెప్పలేనంది. కానీ అట్లాంటి నొప్పి మీద చెయ్యి వెయ్యకూడదు, మూడు రోజులు ఇంట్లో ఉంచకూడదు అంది. మొదటి రోజే దవాఖానకు తెచ్చి ఉంటే అని నేను అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది గాని, జవాబు చెప్పకుండా తప్పించుకోలేదు. తెచ్చి ఉంటే ఇవాళ ఈ మంచం మీద ఉండేదానివి కాదేమో అంది.

ఆమె పోయాక మా ఆయన కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "మీ అవ్వ జేసిందేనా గిదంత?" అన్నాడు. మెల్లగా మాట్లాడమన్నాను. అంతలో అవ్వ ఫ్లాస్కుతో వచ్చింది. మెట్లు ఎక్కి ఆయాసపడుతూ డాక్టరమ్మ ఏమన్నదని అడిగింది. మా ఆయన తిరగలేదు. గొట్టాలు అతుక్కున్నాయట, ఎందుకో తెలియదట అన్నాను. అవ్వ పాలు గ్లాసులో పోసి, ఊది, నా నోటికి అందించింది. తాగాను.

మొదటి వారం

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు పొట్ట మీద దిండు గట్టిగా పట్టుకొని కారులో కూర్చోండి. లింగంపేట దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ నేను ఇప్పుడు కళ్లు మూసుకొని చెప్పగలను. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, నవ్వొచ్చినా ఆ దిండు పక్కనే ఉండాలి.

మా వీధిలో నాకు కిడ్నీలో రాయి అని అత్తమ్మ చెప్పింది. పిల్లల కోసం ఆపరేషన్ అంటే నలుగురూ నాలుగు మాటలంటారని ఆమె భయం. దాంతో వచ్చినవాళ్లందరూ రాయికి మందులు తెచ్చారు. ఒకామె అరటి దవ్వ రసం, ఒకామె బార్లీ నీళ్లు, ఇంకొకామె ఉలవచారు. లేని రాయి కోసం అవన్నీ తాగాను. రాయి ఎంత పెద్దదని ఒకామె అడిగితే చింతగింజంత అని అత్తమ్మ వేలు చూపించింది. నేను దిండు పట్టుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం గ్యాస్ పట్టేసి మెలికలు తిరిగిపోయాను. నన్ను చూసుకోవడానికి మా ఇంట్లోనే ఉన్న అవ్వ చేతులు రుద్దుకొని వేడి చేసుకుంది. "జర నా చెయ్యి బెట్టనియ్యి బిడ్డా, మెల్లగ నిమురుత" అని నా చీర పక్కకు జరిపింది. ఆ చేతిని నేను విదిలించి కొట్టాను. ముట్టుకోకు అని అరిచాను. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకొని, కుట్లు నొచ్చినట్టున్నాయని అత్తమ్మతో చెప్పింది. సాయంత్రం దాకా నా కాళ్ల దగ్గరే కూర్చొని పాదాలు పట్టింది.

అవ్వకు చెప్పలేని మాట లోపల పెట్టుకొని పండుకోవడం ఆపరేషన్‌కంటే కష్టం. అవ్వ మీద కోపం వచ్చేది. ఆమె వంట చేస్తూ పాట తీస్తే కోపం, నాకోసం కోడిగుడ్డు ఉడకబెడితే కోపం. అంతలోనే ఇరవై రోజులు నా మంచం పక్కన కూర్చున్న అప్పటి అవ్వ గుర్తొచ్చి ఏడుపు వచ్చేది. నాకోసం ఆమె తన ముక్కుపుల్ల అమ్మి ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుతో సూదులేయించింది. అదీ నిజమే.

మా ఆయన అవ్వతో మాట్లాడడం మానేశాడు. అంతకుముందు ఇద్దరికీ బాగా పడేది. అత్తమ్మా, నా మోటార్లకు కూడా బొడ్డు సరిజెయ్యరాదు అని ఏడిపించేవాడు. ఇప్పుడు తల వంచుకొని తిని షాపుకు పోతున్నాడు. అవ్వ దానికి వేరే అర్థం తీసుకుంది. ఒక పొద్దున గడప దగ్గర అతని రెండు చేతులు పట్టుకుంది.

"పిల్లలు కాలేదని నా బిడ్డను ఇడిసిపెట్టకు నాయినా. అది ఏ పాపం జెయ్యలే."

మా ఆయన మొహం చూడలేకపోయాను. "నేనెందుకు ఇడుస్త అత్తమ్మా" అని చేతులు విడిపించుకొని, చెప్పులు వేసుకోకుండానే బండెక్కి పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, చెప్పేసేయ్, నాతో అయితలేదు అన్నాడు. చెబితే అవ్వ బతకదు అన్నాను. ఆ మాట అనడం ఎంత సులువో.

పదకొండో రోజు

కుట్లు తీశారు. స్నానం చెయ్యొచ్చన్నారు. బరువులు, కుట్టు మిషన్ ఇంకా వద్దన్నారు. లోపల ఎంత అలిసిపోయి ఉంటుందో బయటి మూడు గాట్లను చూస్తే తెలియదు. పది మెట్లెక్కితే మంచం కావాలనిపించేది.

మధ్యాహ్నం నేను లోపలి గదిలో పండుకొని ఉన్నాను. మూడిళ్లవతల ఉండే సుజాత ఎనిమిదేళ్ల కూతురిని తీసుకొని వచ్చింది. మొదట రాయి ఎట్లా ఉందని అడగడానికి వచ్చిందనుకున్నాను. కాదు. అవ్వ మా ఇంట్లో ఉందని విని, పిల్లకు కడుపునొప్పి అంటే చూపించడానికి వచ్చింది. ముందు గదిలో చాప పరిచిన చప్పుడైంది. నొప్పి ఎప్పటి నుంచి అని అవ్వ అడిగింది. నిన్నటి నుంచి అంది సుజాత. ఒళ్లు వెచ్చగా కూడా ఉందంది. వాంతి ఒకసారి అయిందంది. ఆముదం సీసా ఎక్కడుందని అవ్వ అత్తమ్మను అడిగింది.

నేను లేచాను. తొందరగా లేవకూడదు, అయినా లేచాను. గోడ పట్టుకొని పోయేసరికి పిల్ల వెల్లకిలా పండుకొని ఉంది, గౌను పైకి ఎత్తి ఉంది, కళ్లు గట్టిగా మూసుకుంది. అవ్వ అరచేతిలో నూనె పోసుకుంది.

"అవ్వా, ముట్టుకోకు."

అవ్వ తలెత్తి, నువ్వెందుకు లేచినవ్ అంది. పిల్లను దవాఖానకు తీసుకుపొమ్మని సుజాతతో చెప్పాను. గింత దానికి దవాఖాననా అని అవ్వ నవ్వింది. నీకు నేనే సరిజెయ్యలేదా అంది. ఆ మాట అనకపోయి ఉంటే ఇంకేదన్నా సాకు చెప్పేదాన్నేమో.

"నాది బొడ్డు జరగలేదవ్వా. నాకప్పుడు లోపల పేగు పగిలింది. గా చీముతోనే గొట్టాలు ఖరాబైనయ్. డాక్టరమ్మ చెప్పింది."

పిల్ల కాక గదిలో నలుగురం ఉన్నాం. అవ్వ అరచేతిలో నూనె వేళ్ల సందుల్లోంచి చాప మీద కారింది. నీకెప్పుడు తెలుసు అని అడిగింది. ఆపరేషన్ తెల్లారి అన్నాను. అల్లునికి తెలుసా అంది. తెలుసన్నాను. అవ్వ లేచి, పిల్ల గౌను కిందికి సర్ది, పెరట్లోకి పోయింది. నల్లా దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. కడుక్కొని మళ్లీ సబ్బు తీసుకుంది.

సుజాత పిల్లను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. స్కానింగ్ చేశారు. పిల్లకు ఏమీ లేదు. మలబద్ధకం, కొంచెం జలుబు జ్వరం. సిరప్ రాసిచ్చి పంపారు. పొద్దుగూకే వేళ సుజాత నవ్వుతూ వచ్చి ఆ సంగతి చెప్పింది, నన్ను భయపెట్టి చంపినవక్కా అంది. పక్కనే అవ్వ బియ్యం ఏరుతోంది. ఆ నొప్పి తాను తోమినా తగ్గేదే అని అవ్వ అంటుందనుకున్నాను. అంటే బాగుండు అనుకున్నాను. అనలేదు.

తెల్లారి నాట్లు చూసుకోవాలని అవ్వ బయల్దేరింది. మా ఆయన షాపు తెరవకుండా ఇంట్లోనే ఉన్నాడు, కూర్చోమన్నాడు, ఇంకో నాలుగు రోజులు ఉండమన్నాడు. అవ్వ ఉండలేదు. ఇద్దరు వియ్యపురాళ్లు ఏడేళ్లలో ఒక్క మాట మీద ఏకం కావడం నేను చూడలేదు. కట్నకానుకల దగ్గర నుంచి పప్పులో ఉప్పు దాకా ప్రతిదానికీ పోట్లాటే. ఆ రోజు అత్తమ్మ అవ్వ సంచి తాను పట్టుకొని నాగిరెడ్డిపేట బస్సు దాకా నడిచి పోయింది. ఆ తర్వాత ఈ సంగతి వీధిలో గాని, చుట్టాల్లో గాని ఎవరి ముందూ ఎత్తలేదు. సుజాత దగ్గర కూడా మాట తీసుకుంది.

ఆ తర్వాతి నెలలు

మొదటి నెలసరి గట్టిగా వస్తుంది, భయపడకండి. మూడు వారాలకు నేను మిషన్ ఎక్కాను, అరగంట కుట్టి దిగాను. నెలన్నరకు మామూలుగా కుట్టాను. గాట్లు ఇప్పుడు దోమకాటంత ఉన్నాయి. ఒంటి సంగతి అంతే. మనసు సంగతి చెప్పడానికి నా దగ్గర నెలల లెక్క లేదు.

దసరా తర్వాత హైదరాబాద్ పోయి చూపించుకున్నాం. సూదులు, స్కానింగులు, మళ్లీ మత్తు, అన్నీ వివరంగా చెప్పారు. యాసంగి పంటప్పటి మోటార్ల పని అయ్యాక మొదలుపెడదామని మా ఆయన అంటున్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నాకు బిడ్డ పుడుతుందో లేదో తెలియదు. చాలామంది ఇట్లాంటివి రాసేటప్పుడు చివర్లో పాప ఫోటో పెడతారు. నా దగ్గర లేదు.

వరికోతలప్పుడు అవ్వ దగ్గరికి పోయాను. ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటున్నాం గాని తిన్నావా, పన్నావా అంతే. వడ్లు రోడ్డు పక్కన ఆరబోసి ఉన్నాయి. ఇద్దరం కాళ్లతో తిరగేస్తున్నాం. అప్పుడు పక్క తండా నుంచి ఒకామె మనవడిని చంకనేసుకొని వచ్చింది. బొడ్డు జరిగినట్టుంది, జర చూడమంది. నాకు రాదమ్మా, దవాఖానకు తీసుకుపో అంది అవ్వ. నువ్వే గదా మా పెద్దోనికి జేసింది అని ఆమె ఆశ్చర్యపోయింది. జేసిన, తప్పు జేసిన అంది అవ్వ. ఆమెకు అర్థం కాలేదు. కోపంగా పోయింది.

అవ్వ వడ్ల పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చాలాసేపు రోడ్డు మీద పోయే ట్రాక్టర్లు చూసింది.

"మీ బాపు మొదటి దినమే దవాఖాన అన్నడు. బండి గూడ మాట్లాడొచ్చిండు. నేనే వద్దన్న. నా చేతిల ఉండంగ దవాఖాన ఎందుకన్న" అంది.

నాకు ఆ సంగతి తెలియదు. బాపు ఏనాడూ చెప్పలేదు. పోయేదాకా అవ్వ ఆ కథ చెబుతున్నప్పుడల్లా పక్కనే కూర్చొని తల ఊపేవాడు.

అవ్వ నా మొహం చూడకుండా ఇంకో మాట అడిగింది. ఈ నాలుగు నెలల్లో ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కటే.

"నేను తోమినప్పుడు మస్తు నొచ్చిందా బిడ్డా?"

గుర్తు లేదని చెప్పొచ్చు. అట్లా చెప్పాలనే నోరు తెరిచాను. కానీ నాకు బాగా గుర్తుంది. ఆముదం వాసన, ఇంటి పైకప్పు బొంగులు, నా అరుపులు, అన్నీ.

"నొచ్చిందవ్వా. మస్తు నొచ్చింది. గని నువ్వు చెయ్యి తీసినప్పుడు ఇంక ఎక్కువ భయమైతుండె. తియ్యకు తియ్యకు అని నేనే ఏడిస్తిని."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు బయటికి వచ్చింది. బాపు పోయిన రోజు కూడా అంత గట్టిగా ఏడవలేదు. కోత మిషన్ దగ్గరున్నవాళ్లు ఏమైందని పరిగెత్తి వచ్చారు. ఏమీ లేదు, మా ఇంటి సంగతి అని చెప్పి వాళ్లను పంపేశాను.